అమ్మ పారేయని పుస్తకం

(న్యూజెర్సీలోని ఒక పబ్లిక్ లైబ్రరీలో తెలుగు కుటుంబాల ఆదివారం సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరసలోకి రండి. మీకోసం ఒక పుస్తకం తెచ్చాను, చివర్లో చూపిస్తాను. పెద్దవాళ్ళు కాఫీ తాగుతూ వినండి, ఫరవాలేదు. కాఫీ కప్పుతో ఈ బల్ల దగ్గరికి మాత్రం ఎవరూ రావద్దని మనవి.

ఈమధ్య జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ముగ్గురు అన్నదమ్ములు ఉన్నారు. తల్లి పోయాక ఆ ఇంట్లో సామాన్లు సర్దుతుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. దాని నిండా పాత న్యూస్‌పేపర్లు, వాటికి సాలెగూళ్ళు. ఆ పేపర్ల అడుగున కొన్ని కామిక్ పుస్తకాలు. తన దగ్గర ఖరీదైన కామిక్స్ ఉన్నాయని ఆవిడ కొడుకులతో అంటూ ఉండేదట గానీ, ఒక్కసారీ తీసి చూపించలేదు. వాటిలో ఒకటి 1939లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచిక. దాన్ని 2025 నవంబరులో డల్లాస్‌లోని హెరిటేజ్ సంస్థ వేలం వేస్తే 91 లక్షల 20 వేల డాలర్లు పలికింది. అచ్చయినప్పుడు దాని వెల 10 సెంట్లు.

ఈ వార్త చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో చందమామలు ఉండేవి. మా పెద్దన్నయ్య చదివి నాకిచ్చేవాడు, నేను చదివి పక్కింటివాళ్ళకి ఇచ్చేవాణ్ణి, అవి అట్టలు ఊడిపోయి తిరిగి వచ్చేవి. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అమ్మ ఆ కట్టలన్నీ పాతపేపర్లవాడి తక్కెట్లో పెట్టేది. కిలోకి ఇంతని ఇచ్చేవాడు, ఆ డబ్బుతో స్టీలు గిన్నె వచ్చేది. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇదే జరిగి ఉంటుంది. అందులో అమ్మ తప్పేమీ లేదు. చదివేసిన పుస్తకం, చిన్న ఇల్లు, నలుగురు పిల్లలు. ఎక్కడ దాస్తుంది?

అమెరికాలో అమ్మలూ అదే చేశారు. ఇక్కడ పాత కామిక్స్ పోగుచేసే ఏ కలెక్టర్‌ని కదిపినా, “మా అమ్మ నా కామిక్స్ అన్నీ పారేసింది” అనే మాట ఒక్కసారైనా వస్తుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. అందరూ పారేశారు కాబట్టే మిగిలిన నాలుగింటికీ అంత విలువ. దాచుకుందామని, రేపు అమ్ముకుందామని కొన్నవాటికి ఆ విలువ రాలేదు. అది ఎలాగో కాస్త వివరంగా చెబుతాను.

మొదట ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక సంగతి. అట్ట మీద 1938 జూన్ అని ఉంటుంది గానీ ఏప్రిల్‌లోనే అమ్మకానికి వచ్చింది. మన వారపత్రికల మీద ముందు తేదీ వేసేవారు కదా, అలాగ. అట్ట మీద నీలం బట్టలు, ఎర్ర కేప్ వేసుకున్న ఒకాయన, ఆయనే సూపర్‌మ్యాన్, ఆకుపచ్చ కారుని రెండు చేతులతో ఎత్తి బండకేసి కొడుతుంటాడు. ముందు వైపు ఒక మనిషి తల పట్టుకుని పరిగెడుతుంటాడు. అతని మొహంలో భయం చూడండి, ఇలాంటిది లోకంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదన్నట్టు ఉంటుంది. నిజంగానే అప్పటిదాకా ఎవరూ చూడలేదు. సూపర్‌హీరో అనే బొమ్మ మొదటిసారి జనం చేతికి వచ్చింది ఆ రోజునే.

దాదాపు 2 లక్షల ప్రతులు వేశారు. ఇప్పుడు మిగిలినవి 100 దాకా ఉంటాయని అంచనా. మిగతావన్నీ ఏమైపోయాయి?

మొదటిది, అవి పిల్లల పుస్తకాలు. మడిచి వెనక జేబులో పెట్టుకునేవాళ్ళు, స్నేహితులతో మార్చుకునేవాళ్ళు, బొమ్మలు కత్తిరించుకునేవాళ్ళు. తర్వాత యుద్ధం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత. స్కూలు పిల్లలు, బాయ్ స్కౌట్లు చిన్న బళ్ళు లాక్కుంటూ ఇంటింటికీ వెళ్ళి పాత కాగితం పోగుచేశారు. అది దేశసేవ. తన కామిక్స్ కట్టని ఆ బండిలో వేసిన పిల్లవాడు ఎంత గర్వపడి ఉంటాడో ఊహించండి. ఆ కాగితమంతా గుజ్జుగా మారి సామాన్లు ప్యాక్ చేసే అట్టపెట్టెలైంది.

యుద్ధం అయ్యాక ఇంకో దెబ్బ పడింది. కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఊళ్ళల్లో గొడవ మొదలైంది. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో స్కూలు పిల్లల చేతనే కామిక్స్ పోగుచేయించి కుప్పేసి తగలబెట్టారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే సైకియాట్రిస్టు కామిక్స్ వల్లే పిల్లలు నేరాల బాట పడుతున్నారని పుస్తకం రాశాడు. అదే ఏడు సెనేట్ కమిటీ విచారణ జరిపింది, చాలా కంపెనీలు కలిసి తమకి తామే కామిక్స్ కోడ్ పెట్టుకున్నాయి. అలాంటి రోజుల్లో ఇంట్లో కామిక్స్ కట్ట కనబడితే ఏ తల్లి దాస్తుంది చెప్పండి?

ఇవన్నీ తప్పించుకున్న పుస్తకాన్ని దాని కాగితమే తినేస్తుంది. అది న్యూస్‌ప్రింట్, అన్నిటికన్నా చవక కాగితం. అందులో లిగ్నిన్ అనే కలప పదార్థం ఉండిపోతుంది, ఆమ్లం ఉంటుంది. వెలుతురు, వేడి, తేమ తగిలితే ముందు పసుపు రంగులోకి తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగు, ఆఖరికి వేలితో తాకితే అప్పడంలా విరుగుతుంది. ఈ అవస్థని కలెక్టర్లు ‘బ్రిటిల్’ అంటారు. ఆ మాట వింటే వాళ్ళ మొహం వాడిపోతుంది.

అందుకే ఎడ్గర్ చర్చ్ గారి పేరు చెబితే ఈ లోకంలో అందరూ చెవులు నిక్కబొడుచుకుంటారు. ఆయన కొలరాడో రాష్ట్రంలో డెన్వర్‌లో ఉండేవాడు. ప్రకటనలకి బొమ్మలు వేసే ఆర్టిస్టు. బొమ్మల కోసం కామిక్స్ కొని ఇంట్లో దొంతర్లుగా పేర్చుకుంటూ పోయాడు. 1977లో ఆ ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు చక్ రొజాన్‌స్కీ అనే కుర్ర వ్యాపారి వెళ్ళి చూస్తే 18 వేలకు పైగా పుస్తకాలు! డెన్వర్‌ది పొడి గాలి. దొంతర బరువుకి పుస్తకాల మధ్యకి గాలి పోలేదు, వెలుతురు అసలే తగల్లేదు. నలభై ఏళ్ళ నాటి కాగితం నిన్న అచ్చేసినట్టు తెల్లగా ఉంది. డెన్వర్ మైలు ఎత్తున ఉంది కాబట్టి రొజాన్‌స్కీ దుకాణం పేరు ‘మైల్ హై కామిక్స్’, ఆ పేరుతోనే వాటిని ‘మైల్ హై’ కాపీలు అంటారు. ఒకే సంచిక, ఒకే గ్రేడ్, అంటే పుస్తకం ఎంత బాగుందో చెప్పే మార్కు, ఉన్న రెండు ప్రతులు పక్కపక్కన పెట్టినా, మైల్ హై కాపీ అంటే పై ధర పలుకుతుంది. ఏ ఇంట్లో ఉండేదో, ఎవరి చేతుల్లో పెరిగిందో తెలిసిన పుస్తకం కదా.

అయితే పాతదీ అరుదైనదీ అయితే చాలా? చాలదు. ఈ మాట నేను కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. 1950లలో డెల్ అనే కంపెనీ వేసిన కౌబాయ్ కామిక్స్ ఇప్పటికీ కొద్ది డాలర్లకే దొరుకుతాయి. వాటి వయసు డెబ్బై ఏళ్ళు. కానీ వాటిని చదివి పెరిగినవాళ్ళు వెళ్ళిపోయారు, ఆ తర్వాతి పిల్లలకి ఆ కౌబాయ్ ఎవరో తెలియదు. కావాలనేవాడు లేకపోతే ఒక్కటే మిగిలినా దానికి ధర రాదు.

కావాలనిపించేది ఏమిటంటే, తొలి దర్శనం. కలెక్టర్లు ‘ఫస్ట్ అప్పియరెన్స్’ అంటారు, అలాంటి సంచికని ‘కీ’ అంటారు. బ్యాట్‌మ్యాన్ మొదట కనబడిన ‘డిటెక్టివ్ కామిక్స్’ 27, 1939 మే. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక, 1941 మార్చి తేదీతో వచ్చింది. దాని అట్ట మీద హీరో హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అమెరికా అప్పటికి ఇంకా యుద్ధంలోకి దిగనే లేదు. ఆ హీరోని పుట్టించిన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదుల పిల్లలు. ఆ గుద్దులో వాళ్ళ గుండె మంట ఉంది. అది తెలిసి చూసినవాడికి ఆ అట్ట వట్టి బొమ్మలా కనబడదు.

స్పైడర్‌మ్యాన్ సంగతి ఇంకా చిత్రం. 1962లో ‘అమేజింగ్ ఫ్యాంటసీ’ అనే పత్రిక అమ్మకాల్లేక మూతపడుతోంది. సాలెపురుగు పేరుతో హీరో ఏమిటని పబ్లిషర్‌కి ఇష్టం లేదని స్టాన్ లీ చెప్పేవాడు. ఎలాగూ ఆగిపోయే పత్రికే కదా అని ఆఖరి సంచికలో, 15వ దాంట్లో, వేశారు. స్టాన్ లీ రాశాడు, స్టీవ్ డిట్కో బొమ్మలు గీశాడు. 11 పేజీల కథ. వెల 12 సెంట్లు. ఆ కథలో కుర్రవాడు నూటికి తొంభై మంది కుర్రాళ్ళలాంటివాడే. కళ్ళజోడు, క్లాసులో అందరూ ఏడిపిస్తారు, అమ్మానాన్న లేరు, పెంచిన పెదనాన్న తన నిర్లక్ష్యం వల్ల పోయాడు. ఆ కథ మనసుకి తగిలింది కాబట్టే ఆ పుస్తకం కావాలనేవాళ్ళు తరం తర్వాత తరం పుడుతూనే ఉన్నారు. 2021 సెప్టెంబరులో దాని ఒక ప్రతి 36 లక్షల డాలర్లకి అమ్ముడైంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. 1962 నాటి పుస్తకం 1938 దానంత అరుదు కాదు, ప్రతులు చాలానే ఉన్నాయి. మరి అంత ధర ఎందుకు? ఆ ప్రతి గ్రేడ్ 10కి 9.6. అంత బాగున్నవి అప్పటికి నాలుగే తేలాయి, అంతకన్నా బాగున్నది ఒక్కటీ లేదు. పుస్తకం అరుదు కాదు, దెబ్బ తగలని పుస్తకం అరుదు.

గ్రేడ్ అంటే ఏమిటో చెబుతాను. 2000లో సీజీసీ అనే సంస్థ మొదలైంది. మీ పుస్తకం పంపిస్తే వాళ్ళు పేజీ పేజీ చూసి 0.5 నుంచి 10 దాకా మార్కు వేస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసి పంపిస్తారు. దాన్ని ‘స్లాబ్’ అంటారు. మూలలు మొండిబారాయా, వెన్ను మీద సన్నటి తెల్ల గీతలు పడ్డాయా, పిన్నులు తుప్పు పట్టాయా, నడిమి కాగితం పిన్ను నుంచి ఊడిందా, లోపల పేజీలు తెలుపా మీగడ రంగా, ఇవన్నీ చూస్తారు. సీలు వేసిన పుస్తకాన్ని ఇక చదవలేం. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చదవడానికి పుట్టిన పుస్తకం కదా! కానీ స్లాబ్ వచ్చాక, ఎవరో తెలియనివాడి దగ్గర దూరం నుంచి కొనేటప్పుడు టెన్షన్ చాలా తగ్గింది, అది కూడా నిజమే.

ఆ టెన్షన్ ఎలాంటిదో నేను అనుభవించాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక నెల ఇంటద్దెకి సరిపడా డబ్బు కూడబెట్టి, ఒక కామిక్స్ సంతలో ‘ఎవెంజర్స్’ 4 కొన్నాను. 1964 మార్చిది. మంచులో గడ్డకట్టిన కెప్టెన్ అమెరికా మళ్ళీ కళ్ళు తెరిచే సంచిక. అట్ట నిగనిగలాడుతోంది. అమ్మినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు, సంచీలో పెట్టి ఇచ్చాడు. కొన్నేళ్ళ తర్వాత గ్రేడింగ్‌కి పంపితే ఊదారంగు లేబుల్‌తో తిరిగి వచ్చింది. ఊదారంగు అంటే రిస్టోరేషన్ చేసిన పుస్తకమని. వెన్ను మీద రంగు పోయినచోట ఎవరో ఇంకు పూశారు. అంచు గరుకుగా ఉంటే కొద్దిగా కత్తిరించి నున్నగా చేశారు. బాగుచేయడం తప్పు కాదు. చేసిన సంగతి చెప్పకుండా అమ్మడం తప్పు. ఆ రోజు నుంచి నేను టార్చి లైటు లేకుండా పుస్తకం కొనలేదు. అట్ట తెరిచి లోపలి వైపు నుంచి చూడాలి, పూసిన ఇంకు కాగితంలోకి దిగి వెనక్కి కనబడుతుంది. వెన్ను మీద గీతలున్నా సరే, అసలు రంగులో ఉన్న పుస్తకమే కొనండి.

చిరుగు ఖరీదు ఎంతుంటుందో కూడా చెప్పాలి. మినెసోటాలో ఎల్బో లేక్ అనే చిన్న ఊళ్ళో ఒకాయన 10,100 డాలర్లకి ఒక పాత ఇల్లు కొన్నాడు. రిపేరు కోసం గోడ పగలగొడితే లోపల చలి ఆపడానికి కుక్కిన పాత న్యూస్‌పేపర్ల మధ్య ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ఉంది! ఇంటిల్లిపాదీ పోగయ్యారు. భార్య తరఫు బంధువు ఒకావిడ దాన్ని చేతిలోకి తీసుకుంది, ఈయన కంగారుగా వెనక్కి లాక్కున్నాడు, వెనకట్ట చిరిగింది. గ్రేడ్ 1.5 వచ్చింది. 2013లో 1 లక్షా 75 వేల డాలర్లకి అమ్ముడైంది. మరుసటి ఏడే అదే సంచిక, 9.0 గ్రేడ్‌ది, 32 లక్షలకి పోయింది. అవే కాగితాలు, అదే కథ.

ఇప్పుడు దాచుకున్నవాళ్ళ సంగతి. 1980ల చివరికి పాత కామిక్స్‌కి పెద్ద ధరలని పేపర్లలో రావడం మొదలైంది. దాంతో జనం కొత్త కామిక్స్‌ని బంగారం కొన్నట్టు కొన్నారు. 1991లో ‘ఎక్స్‌మెన్’ కొత్త మొదటి సంచికని ఐదు రకాల అట్టలతో వేస్తే 80 లక్షలకు పైగా అమ్ముడైంది. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికని నల్ల సంచీలో పెట్టి అమ్మారు. దుకాణాల ముందు క్యూలు. కొన్నవాళ్ళు ఆ సంచీ విప్పను కూడా లేదు, పిల్లల కాలేజీ చదువులకి పనికొస్తుందని అటక మీద పెట్టారు. ముప్పై ఏళ్ళు దాటింది. అవి ఇప్పుడూ మామూలు ధరకే దొరుకుతాయి, ఎందుకంటే అందరి అటకల మీదా భద్రంగా ఉన్నాయి. ఒక్క అమ్మా పారేయలేదు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. సూపర్‌మ్యాన్‌ని పుట్టించింది క్లీవ్‌లాండ్‌కి చెందిన జెరీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు. ‘యాక్షన్ కామిక్స్’లో వచ్చిన ఆ మొదటి 13 పేజీల కథకీ, దాని మీద సర్వహక్కులకీ కలిపి వాళ్ళకి ముట్టింది 130 డాలర్లు. పేజీకి 10. ఆ 130 కూడా కలిసిన చెక్కుని 2012లో వేలం వేస్తే 1 లక్షా 60 వేలు వచ్చింది. ఆ డబ్బులో వాళ్ళకి ఏమీ రాలేదు, అప్పటికే ఇద్దరూ పోయారు. కోర్టుల చుట్టూ తిరిగారు, పేదరికం చూశారు. పేపర్లలో గొడవయ్యాక 1975లో కంపెనీ ఏడాదికి 20 వేల చొప్పున పింఛను ఇచ్చి, కథల మీద వాళ్ళ పేర్లు మళ్ళీ వేసింది. వేలంలో లక్షల అంకెలు వినబడినప్పుడల్లా నాకు ఆ 130 చెవిలో మోగుతుంది.

సరే, ప్రశ్నలు అడగండి.

ఆ నీలం చీర కట్టుకున్న అమ్మా, చెప్పండి. గరాజ్ సేల్‌లో సూపర్‌మ్యాన్ కారెత్తే అట్టతో పుస్తకం దొరికిందా? సైజు ఎంతుంది? మామూలు కామిక్ కన్నా బాగా పెద్దదా? అయితే అది 1974లో వేసిన రీప్రింట్ అమ్మా. దానికి పైన ఇంకో అట్ట ఉంటుంది, రీప్రింట్ అని దాని మీద రాసి ఉంటుంది. ఆ పై అట్ట తీసేస్తే లోపల అచ్చం 1938 నాటి అట్టే, ప్రకటనలతో సహా. చాలామంది ఆశపడతారు. అసలుది ఇంచుమించు ఏడు ముప్పావు అంగుళాల వెడల్పు, పదింబావు ఎత్తు ఉంటుంది. స్కేలు పెట్టి కొలవండి, తెలిసిపోతుంది. పారేయకండి, హాయిగా చదువుకోండి. ఆ కథ ఆ సైజులో చదవడం చాలా బాగుంటుంది.

బాబూ, నువ్వు? ఏ కామిక్ కొంటే రేపు ధర వస్తుందని అడుగుతున్నావు. నీకు ఏ హీరో ఇష్టం? వుల్వరీన్. సరిగ్గా అడిగావు, నేను తెచ్చింది అదే.

ఇదిగో, ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181. 1974 నవంబరు, వెల 25 సెంట్లు. లెన్ వీన్ రాశాడు, హెర్బ్ ట్రింపీ గీశాడు. వుల్వరీన్ 180 ఆఖరి పేజీలో ఒక్క బొమ్మలో కనబడతాడు, పూర్తిగా వచ్చింది ఇందులోనే. మంచి ప్రతి కొనే స్తోమత నాకు లేదు. ఇది ఎందుకు చవగ్గా వచ్చిందో చూడండి. ఉత్తరాల పేజీలో ఈ చదరపు కిటికీ. ఆ రోజుల్లో మార్వెల్ వాళ్ళు ఒక్కో సంచికలో ఒక్కో స్టాంపు అచ్చేసేవారు, కత్తిరించి 100 స్టాంపులూ ఆల్బమ్‌లో అంటించుకోవాలి. ఇందులోది షానా అనే పాత్ర బొమ్మ ఉన్న స్టాంపు. స్టాంపు పోయిందంటే గ్రేడ్ పాతాళానికి పోతుంది. అందుకే ఈ సంచిక కొనేవాడు అట్ట కూడా చూడకముందు అడిగేది, స్టాంపు ఉందా అని.

ఇక్కడ వేలు పెట్టకుండా చూడు. మూడు వైపులా కత్తెర తిన్నగా వెళ్ళింది. నాలుగో వైపు వంకరపోయింది. చిన్న కత్తెర, చిన్న చెయ్యి. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉండుంటాయి, నీ వయసే. వెనక పేజీకి తిప్పితే అంతమేర చిల్లే.

ఇది స్లాబ్‌లో లేదు, చదవచ్చు. పిల్లలూ, వెళ్ళి చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రండి. ఒక్కొక్కరే. పేజీ పై మూల నుంచి మెల్లగా తిప్పాలి.